నాగార్జునకొండలో ముంపు ఊళ్లకూ చోటివ్వాలి

సంపాదకులకు,

సాగర్ నీళ్లు ముంచెత్తకముందు, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో నాగార్జునకొండ లోయను తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. మునిగిన లోయ నమూనాను మ్యూజియంలో పెట్టారు. ఒక లోయ రూపాన్ని, ఇప్పుడు ద్వీపంగా మిగిలిన ఆ కొండ మీద దాచిపెట్టాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే రావడం గొప్పే.

అయితే అక్కడ దాచిన జ్ఞాపకం ప్రధానంగా ఆ లోయ రాజధానిగా క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఏలిన ఇక్ష్వాకుల కాలానిది. నీళ్లొచ్చేదాకా అదే లోయలో దున్నుకుని బతికినవాళ్ల మాటేమిటి? అసలు 1926లో అక్కడ పాత రాతిస్తంభం ఉందని మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసింది సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. ఆ తర్వాతే ఆంగ్లేయ పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ వచ్చి తవ్వించాడు.

కొండ మీద కొత్తగా ఏమీ కట్టకూడదంటారు. నిజమే, పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. అది ఉండాల్సిన నిబంధనే. ముంపు ఊళ్ల కోసం నేనడిగే చోటు కొండ మీద కాదు, అక్కడికి వెళ్లే లాంచీ ఎక్కే ఒడ్డున. జనం ఎలాగూ అక్కడ కాసేపు ఆగుతారు. పల్నాటి నాపరాళ్లు పరిచి, వాటి మీద పాత లోయ పటం చెక్కించాలి. వాగులు, బండిబాటలు, బావులు, గుళ్లు, జనం పిలుచుకున్న చేల పేర్లతో సహా. నీళ్లవైపు తెరిచిన మండపం ఒకటి కట్టి, ఏ రెండు స్తంభాల మధ్య నుంచి చూస్తే ఏ ఊరున్న దిక్కో తెలిసేలా స్తంభాలు నిలపాలి. పక్కన రొద చేరని చిన్న గది ఉంటే చాలు, పెద్దల మాటలు వాళ్ల యాసలోనే వినిపించవచ్చు. (దయచేసి సెల్ఫీ పాయింటు మాత్రం వద్దు.)

డిజైన్ పోటీ, టెండరు ఆ తర్వాతి సంగతి. ఆనకట్ట పూర్తయింది 1967లో. లోయ వదిలి వచ్చేనాటికి పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. బావి ఏ మూలన ఉండేదో, వాగు ఎక్కడ దాటేవాళ్లో వాళ్లు చెబితేనే ఆర్కిటెక్టు గీయగలడు. భూసేకరణ నాటి రికార్డుల్లో సర్వే నంబర్లు దొరకొచ్చు గానీ, చేల పేర్లు దొరకవు.

కేంద్ర పురావస్తు శాఖ, రాష్ట్ర పర్యాటక శాఖ కలిసి కూర్చుని, పునరావాస గ్రామాలకు ఈ ఏడాదే రికార్డింగు బృందాలను పంపాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా