ఆ లారీ సంగతి ముందు తేల్చు

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరిగా,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇవాళ, రేపు అంటూ జరిపేశాను. క్షమించు అని రాస్తే "పావుగంట మాస్టారి క్షమాపణ" అని వెక్కిరిస్తావు, అందుకని రాయను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. బుడ్డోడు పాసయ్యాడు. ఎండల గురించి కర్నూలు వాణ్ణి అడగకూడదు. కబుర్లు అయిపోయాయి.

ఇప్పుడు నీ మూడో పేజీకి వస్తా. అద్దె లెక్కల మధ్య అదేదో గ్యాస్ కనెక్షన్ మార్చినట్టు మీ గుర్రం గురించి ఒక్క వాక్యం రాసిపారేశావు: "సామాను లారీలోనే వెనక కాస్త చోటు వదిలి బుల్లెమ్మను కట్టేస్తాం, రాత్రి పదికి బయల్దేరితే తెల్లారేసరికి హిందూపురం." నాలుగుసార్లు చదివాను. హైదరాబాద్ అద్దెలు కట్టలేక పల్లెకు పోతున్నావు, బాగుంది, చెల్లాయి కూడా ఒప్పుకుంది, ఇంకా బాగుంది. కానీ ఆ లారీ మాత్రం వద్దు. బీరువా, మంచాలు, సిలిండరు పక్కన మూడు వందల కిలోల ఆడగుర్రమా? గతుకులో బీరువా ఒక్క జానెడు జరిగితే చాలు, అది బెదిరి తన్నడం మొదలుపెడుతుంది. తన్నేకొద్దీ చప్పుడు, చప్పుడుకి ఇంకా బెదురు. దానికి వేరే బండి మాట్లాడు. డబ్బు చాలకపోతే డైనింగ్ టేబుల్ అమ్మెయ్. ఎలాగూ ఉప్మా ఒప్పందం నాటి నుంచి దాని మీద ఎవరూ తినడం లేదు.

పశువుల రవాణాకు 1978 నాటి కేంద్ర నిబంధనలున్నాయి, అందులో గుర్రాలకు వేరే అధ్యాయమే ఉంది. చదివితే గుర్రాల్ని ఎరిగినవాడెవడో రాసినట్టుంటుంది. నేల మీద కాలు జారకుండా ఏదైనా పరవాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు బొంగులు కట్టాలి, వెనక రెండు గట్టి దుంగలు. బండి గోడలు పొట్టిగా ఉంటే ఎత్తు పెంచాలి. తల ఎడమవైపు ఉండాలి, ఎదురొచ్చే బళ్ల వైపు కాదు. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. ఇక లెక్క నువ్వే చెయ్. దారి దాదాపు 460 కిలోమీటర్లు, అంటే చక్రం తిరిగే సమయమే పదమూడు గంటలు. రాత్రి పదికి బయల్దేరి తెల్లారేసరికి చేరడం ఎక్కడిది? డ్రైవర్ "తొందరగా దింపేస్తా సార్" అన్నాడంటే మలుపుల్లో బుల్లెమ్మ నాలుగు కాళ్ల మీదా కుస్తీ పడుతుందన్న మాట.

అందుకని ఇలా చెయ్. సాయంత్రం నాలుక్కి బయల్దేరు. పదిన్నర, పదకొండుకి కర్నూలు చేరతావు. బైపాస్ దగ్గర నీళ్ల బకెట్లతో నిలబడి ఉంటా. రాత్రంతా దింపి కట్టేద్దాం, పొద్దున నాలుగింటికి మళ్లీ ఎక్కిద్దాం. ఎండ ముదిరే వేళకి హిందూపురం, అదీ పగటి వెలుతురులో. కొత్త చోట చీకట్లో దింపితే గుర్రానికి కంచె కనపడదు. జడ్చర్లలో మాత్రం టీకి ఆపకు, ఎందుకో ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు చెప్తా, చెల్లాయికి కూడా చదివి వినిపించు. కదలకుండా ఉంటుందని తలను పైకి, పొట్టి తాడుతో బిగించి కడతారు. గుర్రం తల దించితేనే దాని ఊపిరితిత్తుల్లోంచి దుమ్ము, కఫం బయటికి జారతాయి. పది పన్నెండు గంటలు తల పైకే ఉంటే అవి లోపలే నిలిచిపోయి, రెండు మూడు రోజులకు న్యుమోనియాగా బయటపడతాయి. అప్పటికి ఊరు మారిన బెంగ అనుకుంటారు! తల మోకాళ్ల దాకా దించగలిగేంత పొడుగు ఉంచు, కాలు తాట్లో పడేంత మాత్రం కాదు. తాడును నేరుగా ఇనప కడ్డీకి ముడెయ్యకు. కడ్డీకి ముందు పురికొస ఉంగరంలా కట్టి దానికి ముడెయ్. పడిపోతే పురికొస తెగుతుంది, మెడ బతుకుతుంది. చేరాక మూడు రోజులు పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టు. 38.5 సెల్సియస్ దాటితే డాక్టర్ని పిలువు, "చూద్దాంలే" వద్దు.

ఎక్కించేటప్పుడు వెనక దుంగలు వేసేదాకా తల కట్టకూడదు. దించేటప్పుడు దాన్ని తిరగేసి: ముందు తల విప్పాలి, తర్వాతే దుంగలు. ఈ వరస తప్పితే అది వెనక్కి లాగి, తాడు బిగిసి, పైకి లేచి తల పగలగొట్టుకుంటుంది. ఇవాళ్టి నుంచే రోజూ బండి ఎక్కించి, గుప్పెడు శనగలు పెట్టి, దించెయ్. బండిని గట్టుకి ఆనించి నిలిపితే ఏటవాలు తక్కువ. మత్తు ఇంజెక్షన్ ఇప్పిస్తానని డ్రైవర్ తమ్ముడు అన్నాడని రాశావే, వాణ్ణి దూరంగా పెట్టు. మత్తులో ఉన్న గుర్రం కుదుపుల్లో నిలబడలేదు.

కాగితాలు. ప్రయాణానికి పనికొస్తుంది, అంటురోగం లేదు అని పశువైద్యుడి ధ్రువపత్రం లేకపోతే బండివాడు ఎక్కించుకోకూడదు. దానితో పాటు గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి పరీక్ష చేయించు. అది మనుషులకు కూడా అంటుతుంది, తేలితే చట్టప్రకారం గుర్రాన్ని చంపెయ్యాల్సిందే, మందు లేదు. రాష్ట్రం దాటుతున్నావు, పైగా ఇంట్లో చిన్నపిల్ల ఉంది. రక్తం తీసి ల్యాబుకి పంపి ఫలితం రావడానికి రోజులు పడతాయి, కాబట్టి రేపే వెళ్లు. స్కూలు టీసీలు ఆ తర్వాతైనా ఫరవాలేదు, బడి తెరిచేది జూన్‌లో కదా.

అరె, మేత సంగతి రాయకుండా ఇంత దూరం వచ్చాను. లారీ ఒక్కరోజు పని, మేత రోజూ ఉండేది. మీ కొత్త ఇంటాయన "మా ఆవుల దాణా ఉంది, వరిగడ్డి ఉంది, ఇంకేం" అన్నాడని రాశావు. మంచివాడే కానీ ఆవుకి నాలుగు అరల పొట్ట, నెమరు. గుర్రానికి అవి లేవు. వాంతి కూడా చేసుకోలేదు, లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. మేత హఠాత్తుగా మారిస్తే పేగుల్లోని సూక్ష్మజీవులు తట్టుకోలేవు, కడుపునొప్పి పట్టుకుంటుంది. బయల్దేరే ముందే ఇప్పుడు తింటున్న ఎండుగడ్డి మూడు వారాలకు సరిపడా, అంటే దాదాపు 150 కిలోలు వెంట వేసుకో. కొత్త మేతను పాతదాంట్లో పావువంతుతో మొదలుపెట్టి పది రోజుల్లో మార్చు. ప్రయాణం రోజు గింజలు, తవుడు వద్దు, గడ్డి మాత్రం ఎంత తింటే అంత. కోళ్ల దాణా ఒక్క గుప్పెడు కూడా పెట్టకు, అందులో కోళ్ల కోసం కలిపే మొనెన్సిన్ అనే మందు ఉంటే దాని గుండె కండరం పోతుంది.

అక్కడ వేరుశనగ కట్టె చవక. మంచి మేతే, కానీ చెట్టుతో పాటు మట్టి వస్తుంది. బాగా విదిలించి, బూజు వాసన వస్తే పారెయ్. వారానికోసారి రెండు ఉండల లద్దెను సీసా నీళ్లలో కలిపి పెట్టు. అడుగున ఇసుక పేరుకుంటే దాని పేగుల్లో కూడా పేరుకుంటోందని అర్థం. నీళ్లు కూడా మారతాయి. బోరు నీళ్ల రుచి నచ్చక తాగదు, తాగకపోతే పేగు ఎండుతుంది. ఇప్పట్నుంచే బకెట్‌లో కాస్త బెల్లం కలిపి అలవాటు చెయ్, అక్కడా అదే రుచి తగిలితే తాగుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా చేయించు, పిల్లల కోసం. అనంతపురం వైపు ఆ బాధ పాతదే.

కడుపునొప్పి వస్తే (పొట్టవైపు తిరిగి చూస్తుంది, కాలితో నేల గీకుతుంది, లద్దె వెయ్యదు) ఊళ్లో ఎవరో ఒకరు బొంగు గొట్టంతో వాము కషాయం పొయ్యడానికి వస్తారు. పొయ్యనివ్వకు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్, డాక్టరొచ్చి ముక్కులోంచి గొట్టం దింపుతాడు.

లాడాల గురించి కూడా చెప్పాలి. ఊళ్లో ఎద్దులకు కొట్టేవాడు ఉంటాడు, కానీ ఎద్దు గిట్ట రెండు చీలికలు, లాడం కూడా రెండు ముక్కలు. వాడి చేతికి బుల్లెమ్మను ఇస్తే మేకు లోపలి జీవం ఉన్న భాగంలోకి దిగుతుంది. హైదరాబాద్‌లో గుర్రాలకు లాడాలు కొట్టే నాల్‌బంద్‌తో బయల్దేరే ముందు లాడాలు తీయించి, గిట్టలు చెక్కించి, ఆరేడు వారాలకోసారి వచ్చేలా మాట్లాడుకో. బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడి వాళ్లయినా వస్తారు. ఆ వరసలోనే లేపాక్షి నందికి లాడాలు కొట్టిస్తానన్న నీ శపథం గుర్తుందా, పిల్లలకు చెప్పావా?

ముళ్లతీగ. అబ్బా, ఇది ముందే రాయాల్సింది. అక్కడ అన్ని పొలాలకూ రాతి కడీలు, ముళ్లతీగ. గుర్రం బెదిరితే దాన్ని చూడదు, నేరుగా దూసుకుపోతుంది. లోపలివైపు ఒక బారెడు ఎడంగా నాలుగడుగుల ఎత్తున వెదురు వరస వేయించాకే వదులు. గన్నేరు చెట్టుంటే కొట్టించు, దాని ఆకు కొంచెమైనా ప్రాణం తీస్తుంది. ఇంకో మాట, బుల్లెమ్మ ఒంటరిగా ఉండలేదు, రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. ఒక మేకను కొను, కొమ్ములు లేనిది అయితే

కింద ఆటో హారన్ కొడుతున్నాడు, అమ్మ మెట్లు దిగేసింది. బండి నంబరు ఖాయం కాగానే ఫోన్ చెయ్.

నీ
పావుగంట