గుద్దితేనే ఫిర్యాదు తీసుకుంటారా, మంత్రి గారూ?

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇదివరకు మీ కార్యాలయానికి పంపుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అబద్ధం ఎందుకు, ఒకదానికి వచ్చింది. 'మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపడమైనది' అని. ఆ సంబంధిత విభాగం ఏదో తెలుసుకుందామని తిరిగితే చెప్పులు అరిగాయి గానీ విభాగం దొరకలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను. మర్యాద తప్పితే మన్నించండి, ఓపిక ముందే తప్పింది.

విషయం చిన్నదే అంటున్నారు మీవాళ్లు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద రాత్రిపూట ఒక లారీ మా కారు వెనకాలే అంటుకుని వచ్చింది. అద్దంలో దాని బంపరు తప్ప ఇంకేమీ లేదు. హైబీమ్ వేసి వదిలేశాడు. ఆ వెలుగుకి మా డ్యాష్‌బోర్డు మీద దుమ్ము కూడా రేణువు రేణువుగా కనిపించింది. ఎందుకొచ్చిన గొడవ అని ఎడమకు జరిగి సైడ్ ఇచ్చాను. దాటిపోయినవాడు పోకుండా మా ముందుకు కట్ కొట్టి బ్రేక్ వేశాడు. నేను కుడికి వెళ్తే కుడికి, ఎడమకు వస్తే ఎడమకు. ఇలా టోల్‌గేట్ దాకా. వెనక సీట్లో మా అమ్మ ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, దిగేదాకా వదల్లేదు. లైట్లు, కెమెరాలు ఉన్న చోటికి రాగానే ఆ లారీ బుద్ధిగా వరుసలో నిలబడి, ఫాస్టాగ్ చదివించుకుని, గేటు ఎత్తగానే వెళ్లిపోయింది.

అంటే ఆ లారీ ఏ నంబరుదో, ఏ గేటులోంచి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు దాటిందో ప్రభుత్వం దగ్గర రాసిపెట్టి ఉంది. డబ్బు వసూలు చేయడానికి క్షణంలో గుర్తుపట్టిన వ్యవస్థకు, ప్రాణాల మీదికి తెచ్చినవాడు ఎవరని అడిగితే మాత్రం చూపు ఆనదు. టోల్‌గేట్ సిబ్బందిని అడిగాను. 'మాకు సంబంధం లేదు సార్, స్టేషన్లో చెప్పుకోండి' అన్నారు. పాపం, వాళ్ల పని గేటు ఎత్తడమే.

స్టేషన్లో ఇంకో కథ. ఎక్కడ జరిగింది, ఏ కిలోమీటరు రాయి దగ్గర అని అడిగారు. వెనక లారీ తరుముతుంటే రాళ్లు లెక్కపెట్టే తీరిక నాకెక్కడిది? మొదలైన చోటు చెప్పాను. అది మా లిమిట్స్ కాదు అన్నారు. ఆ లిమిట్స్ స్టేషన్‌కు వెళ్తే, బ్రేక్ వేసింది టోల్‌గేట్ దగ్గర అంటున్నారు కదా, అది వాళ్లదే అన్నారు. స్టేషన్ కదలదు కాబట్టి దానికి హద్దులుంటాయి. లారీ కదులుతుంది కదండీ! గంట ప్రయాణంలో అది ఎన్ని స్టేషన్ల పరిధి దాటుతుందో లెక్కేయండి. వాటిలో దేనికి చెప్పినా మాది కాదనే అంటే, హైవే మీద జరిగే ఈ తరహా రౌడీయిజానికి అసలు ఊరే లేదన్నమాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న, కేసుల నమోదు, విచారణ పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఈ మాట అంటే అక్కడి పోలీసాయన నా ముఖం కేసి చూసి, 'లాయరా సార్?' అన్నారు.

అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది.

'ఎవరికైనా దెబ్బ తగిలిందా?'

'లేదండీ.'

'బండికి గీత పడిందా?'

'లేదు.'

'మరి కేసు ఏముంది?'

అని, నా కాగితాన్ని పెన్ను మూతతో మెల్లగా నా వైపు తోశారు. కోపం లేదు, విసుగు కూడా లేదు. ఆయన దృష్టిలో నిజంగానే అక్కడ ఏమీ లేదు.

మంత్రి గారూ, నేను అడిగేది ఇదొక్కటే. ఏమీ లేదా? మోటారు వాహనాల చట్టం 184 ఎవరికైనా దెబ్బ తగిలితేనే వర్తిస్తుందా? 2019 సవరణ తర్వాత నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం కూడా ప్రమాదకర డ్రైవింగే. మొదటిసారికే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ అని మీరే రాశారు. నేరాలకు శిక్షలు చెప్పే న్యాయ సంహిత 281వ సెక్షన్‌లోనూ అంతే, మనిషి ప్రాణానికి ముప్పు వచ్చేలా నడిపితే చాలు, దెబ్బ తగలాల్సిన పని లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ల విషయంలో 'మరి కేసు ఏముంది' అని ఎవరూ అడిగి ఉండరు. నా ఫిర్యాదుకు వచ్చిన చిక్కల్లా నేను బతికి ఉండడమే.

స్టేషన్లో కుదరక ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాను. కారులో కెమెరా ఉంది కాబట్టి వీడియో చూపించాను. లారీ నంబరు కనిపిస్తోంది, కట్ కొట్టడం కనిపిస్తోంది. అక్కడి సారు మొత్తం చూశారు, 'అబ్బో' అని కూడా అన్నారు. తర్వాత, డ్రైవర్ ముఖం కనపడట్లేదండీ అన్నారు. లారీ వెనక నుంచి చూస్తే డ్రైవర్ ముఖం ఎలా కనిపిస్తుంది? బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత ఓనర్‌దని మోటారు వాహనాల చట్టం 133లో ఉంది. పోలీసులు అడిగితే పేరు, చిరునామా ఇచ్చి తీరాలి. ఆ మాటే అన్నాను. 'అవును, పోలీసులు అడిగితే' అన్నారు. పోలీసులేమో లైసెన్సు సంగతి ఆర్టీవో చూసుకుంటారంటారు. ఆ వీడియో ఇప్పటికి ఇన్ని బల్లల ముందు ఆడింది, ఏ బల్ల మీదా సంతకం పడలేదు.

ఫోన్‌లో చెబుదామంటే హైవే హెల్ప్‌లైన్ 1033 ఉంది, అత్యవసర నంబరు 112 ఉంది. ఉన్నాయి, కాదనను. లారీ తరుముతున్నప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుంటే నేనే 184 కింద నేరస్తుణ్ని. ఆగి చేద్దామంటే, చీకట్లో రోడ్డు పక్కన ఆగిన కారంత తేలిగ్గా దొరికేది ఇంకోటి ఉండదు. ఇంటికి వచ్చాక హైవే ఫిర్యాదుల యాప్‌లో పెట్టాను. అందులో గుంత పడిందని చెప్పడానికి గడి ఉంది, లైటు వెలగట్లేదని చెప్పడానికి ఉంది. లారీ చంపబోయిందని చెప్పడానికి లేదు. 'ఇతరములు' నొక్కి రాశాను. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో తెలిస్తే నేనూ సంతోషిద్దును.

లారీ డ్రైవర్లందరి మీదా కోపంతో రాస్తున్నానని అనుకోకండి. రాత్రంతా మేలుకుని మన సరుకులు మోసేది వాళ్లే. రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి చట్టమే చెప్పింది. అది ఏ ఓనర్ పాటించాడో మీకంటే ఎక్కువ నాకు తెలియదు. ఇండికేటర్ వేసి దారి చూపించిన లారీలు, వానలో నెమ్మదించి సైడ్ ఇచ్చిన లారీలు నాకు బోలెడు తగిలాయి. కానీ నిద్రమత్తు వేరు, కావాలని ముందుకొచ్చి బ్రేక్ వేయడం వేరు. ఇలాంటివాణ్ని వదిలేస్తే చెడ్డపేరు మొత్తం లారీవాళ్లకే వస్తుంది.

ఇంకో సంగతి. సరుకు రవాణా బండ్లకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ పెట్టించారు కదా. నా స్పీడోమీటరు ముల్లు 90 దాటి ఉండగా ఆ లారీ నన్ను ఓవర్‌టేక్ చేసింది. ఆ పరికరం ఫిట్‌నెస్ పరీక్ష రోజున మాత్రమే డ్యూటీ ఎక్కుతుందా? దీన్ని కనిపెట్టడానికి పెద్ద విద్యలు అక్కర్లేదు. రెండు టోల్‌గేట్ల మధ్య దూరాన్ని, పట్టిన సమయంతో భాగిస్తే చాలు. ఎలక్ట్రానిక్ నిఘా పెట్టమని మోటారు వాహనాల చట్టంలో 136ఏ సెక్షన్ 2019లోనే వచ్చింది.

ఏం కావాలి నీకు అంటారేమో. వీడియోతో వచ్చిన ఫిర్యాదును తీసుకునే చోటు ఒకటి కావాలి, ఒక్కటంటే ఒక్కటే. లిమిట్స్ అడగకూడదు. దెబ్బ తగిలిందా అని అడగకూడదు. రసీదు ఇవ్వాలి. ఓనర్‌కు నోటీసు వెళ్లాలి, బండి ఎవరు నడిపారో చెప్పించాలి. లారీల వెనక ఫిర్యాదు నంబరు కనిపించేలా రాయించండి. నంబరు ప్లేటు మీద బురద మెత్తుకుని తిరిగే బండ్లను టోల్‌గేట్ దగ్గరే ఆపించండి. ఇవేవీ కాకపోతే పోనీ, ఆ రసీదైనా ఇప్పించండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
కుటుంబంతో హైవే ఎక్కక తప్పని ఒక వాహనదారుడు

తా.క.: ఈ లేఖను కూడా సంబంధిత విభాగానికి పంపించేటట్టయితే, దయచేసి ఆ విభాగం పేరు, ఏ గదో, ఎన్ని గంటలకు మనుషులుంటారో కూడా జవాబులో రాయించండి. వీడియో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టుకున్నాను, పట్టుకుని వస్తాను.