కోర్ల మధ్య క్యూబిట్ల పంపకం

ఒరేయ్ శీనూ,

చాలా కోర్లు (చిన్న చిన్న క్వాంటమ్ చిప్‌లు) కలిపిన కంప్యూటర్‌లో ఏ క్యూబిట్‌ని (క్వాంటమ్ బిట్‌ని) ఏ కోర్‌లో పెట్టాలో న్యూరల్ నెట్‌వర్క్‌కి ఎలా నేర్పాలని నువ్వడిగింది ఒక్క ముక్కే గానీ జవాబు సాగుతుంది, ఓపిక పట్టు.

ఒకే కోర్‌లో ఉన్న రెండు క్యూబిట్ల మధ్య గేటు (వాటి మీద చేసే ఒక చిన్న ఆపరేషన్) వేయడం చవక. వేరే కోర్లలో ఉంటే ఒకదాన్ని టెలిపోర్ట్ చేయాలి, అంటే దాని స్థితిని అవతలి కోర్‌కి చేరవేయాలి: రెండు కోర్లూ ముందే పంచుకున్న ఎంటాంగిల్డ్ (ఒకదానితో ఒకటి ముడిపడ్డ) క్యూబిట్ల జంట ఒకటి ఖర్చు, రెండు కొలతలు, రెండు మామూలు బిట్లు అవతలికి, వాటిని బట్టి అక్కడ దిద్దుబాటు గేట్లు. ఆ జంట తయారవడానికే చాలా సమయం పడుతుంది, పైగా నాయిస్ (తప్పులు దొర్లడం) ఎక్కువ. మన తిప్పలన్నీ ఈ ప్రయాణాలు తగ్గించడానికే.

సర్క్యూట్‌ని (వరుసగా వేయాల్సిన గేట్లని) స్లైసులుగా కోస్తాం కదా, ఒక్కో స్లైస్‌లో ఏ క్యూబిట్‌కీ ఒకటికి మించి రెండు-క్యూబిట్ గేటు ఉండకుండా. ప్రతి స్లైస్‌లో గేటు జంట ఒకే కోర్‌లో పడాలి, కోర్ సామర్థ్యం మించకూడదు. నెట్‌వర్క్‌కి ఇప్పుడు ఏ క్యూబిట్ ఎక్కడుందో, ఈ స్లైస్ గేట్లేవో, రాబోయే గేట్లేవో ఇస్తాం (దూరంలో ఉన్నవాటికి బరువు తగ్గిస్తూ). అది ఒక్కో క్యూబిట్‌కీ కోర్ ఎంచుతుంది. రివార్డు (నేర్చుకోవడానికి దానికిచ్చే మార్కు) అంటే మొత్తం ప్రయాణాల సంఖ్యకి మైనస్ గుర్తు, అంతే.

షరతులు మీరినందుకు పెనాల్టీ పెట్టి నేర్పుదామనుకుంటావేమో, వద్దురా. మాస్క్ పెట్టు, అంటే తప్పు ఎంపికకి సంభావ్యత సున్నా చెయ్యి. మాస్క్‌లోనూ ఒక గోతి ఉంది. 5 క్యూబిట్ల కోర్లు రెండు, క్యూబిట్లు 10, స్లైస్‌లో గేట్లు 4 అనుకో. గేటు లేని ఇద్దరినీ ముందే ఒక కోర్‌లో పడేస్తే అక్కడ ఖాళీలు 3, అంటే ఒక్క జంటే పడుతుంది. పక్క కోర్‌లో రెండు. నాలుగో జంటకి చోటే లేదు! అందుకే జంటల్ని ముందు కూర్చోబెట్టు, రెండు ఖాళీలున్న కోర్లనే చూపించు, ఒంటరివాళ్లు ఆఖర్న. అదే స్లైస్‌లో 5 గేట్లుంటే ఏ క్రమంలో పెట్టినా పట్టవు, స్లైస్‌నే రెండుగా విరగ్గొట్టాలి.

ఇంకోటి. ప్రతి కోర్‌కీ ప్రతి కోర్‌తో నేరుగా లింకుంటే వాటి పేర్లకి అర్థం లేదు. 10 కోర్లయితే ఒకే పంపకం 36,28,800 రూపాల్లో కనబడుతుంది, ట్రైనింగ్ అంతా అక్కడే కరిగిపోతుంది. అందుకే మొదటి స్లైస్‌లో కోర్ ఎంచేటప్పుడు, అప్పటికే వాడిన కోర్లకి తోడు ఖాళీ కోర్ ఒక్కటే చూపించు.

యాదృచ్ఛిక సర్క్యూట్ల మీద మాత్రమే ట్రైన్ చేసి మురిసిపోకు. క్వాంటమ్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ (చాలా క్వాంటమ్ అల్గారిథమ్‌లలో వాడే సర్క్యూట్) ఇచ్చి చూడు. 50 క్యూబిట్లకి ప్రతి జంటా ఒక్కసారి కలుస్తుంది, ఆఖర్న స్వాపులు (క్యూబిట్ల స్థానాలు మార్చే గేట్లు) వదిలేస్తే 1,225 రెండు-క్యూబిట్ గేట్లు, పైగా ఒక పద్ధతిలో వస్తాయి. యాదృచ్ఛిక సర్క్యూట్లలో ఆ పద్ధతి కనబడదు. పక్కన హంగేరియన్ అల్గారిథమ్‌తో (ఎవరికి ఏది ఇస్తే మొత్తం ఖర్చు తక్కువో లెక్కగట్టే పద్ధతి) చేసే పంపకం కూడా నడిపి, ప్రయాణాలూ కంపైల్ సమయమూ (పంపకం లెక్కగట్టడానికి పట్టే సమయం) రెండూ పోల్చు. దాన్ని దాటకపోతే ఈ నెట్‌వర్క్ ఎందుకురా మనకి?

నీ కోర్లు రింగులో ఉన్నాయా, గ్రిడ్‌లోనా? అది రాయలేదు నువ్వు. రింగయితే 10 కోర్లకి సమానరూపాలు 20 మాత్రమే, నేను పైన చెప్పిన, ఖాళీ కోర్ ఒక్కటే చూపించే కిటుకు అక్కడ పనికిరాదు. ఖర్చు కూడా ప్రయాణాల లెక్కన కాకుండా దాటిన లింకుల లెక్కన వేసుకో.

ఉంటా మరి,
నీ రవి