బీఎస్సీ ఆప్షన్లు పెట్టబోతున్న కిరణ్‌కి

తార్నాక, హైదరాబాద్

ఒరేయ్ కిరణ్,

"బీజడ్‌సీనా (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), మైక్రోబయాలజీనా, బయోటెక్నాలజీనా, ఒక్క ముక్కలో చెప్పు" అని మెసేజ్ పెట్టావు. ఒక్క ముక్కలో తేలేదైతే ఫోన్లోనే చెప్పేవాణ్ని కదరా. తీరిగ్గా కూర్చుని చదువు. కావాలంటే మీ నాన్నగారికీ చదివి వినిపించు, నీట్ గురించి రాసిన చోటు మాత్రం దాటేయ్.

ముందు ఆ సంగతే. నీట్‌కి చదివిన రెండేళ్లు వృథా అయ్యాయని ఇంట్లో అంటున్నారన్నావు. నీట్‌లో 720 మార్కులకి 360 బోటనీ, జువాలజీలవే. అంత చదివినవాడికి ఫస్ట్ ఇయర్ పాఠాలు చాలావరకు పాత చుట్టాల్లా పలకరిస్తాయి. చిక్కంతా కూడా అక్కడే. నాలుగు ఆప్షన్లలో సరైనది పట్టుకోవడం వేరు, తెల్లకాగితం మీద కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మ గీసి అదెలా పనిచేస్తుందో రెండు పేజీలు రాయడం వేరు. మొదటి నెల నుంచే రాసి చదువు.

ఇక కాంబినేషన్. దోస్త్‌లో, అదే తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో, వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పేరు చూసి మోజు పడకు. బయోటెక్నాలజీ అనగానే హైదరాబాద్ శివార్లలో బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం ఎదురుచూస్తోందని మా పక్కింటి అంకుల్ అంటాడు. ఆయన మాట నేను పట్టించుకోను. నువ్వూ పట్టించుకోకు. నన్నడిగితే పట్టు వదలకూడనిది ఒక్కటే, కెమిస్ట్రీ. పీహెచ్ (ఆమ్లత్వం కొలత), దాన్ని నిలకడగా ఉంచే బఫర్ అర్థమైతే ఎంజైమ్ అర్థమవుతుంది, ఎంజైమ్ అర్థమైతే మెటబాలిజం, డీఎన్‌ఏ కాపీ అవడం వరుసగా దారికొస్తాయి. కెమిస్ట్రీని పరీక్ష ముందు రాత్రి చూసుకోవచ్చులే అనుకున్నవాడు థర్డ్ ఇయర్ దాకా బట్టీ పడుతూనే ఉంటాడు. దాని పక్కన బోటనీ, జువాలజీ పెడతావా, మైక్రోబయాలజీ పెడతావా అన్నది నీ ఇష్టం. అక్కడ నాకేం పట్టింపు లేదు.

కాలేజీ విషయంలో మాత్రం ఉంది. చూడ్డానికి వచ్చినప్పుడు ఆఫీసు రూమ్‌లో బ్రోషర్ తీసుకుని వెళ్లిపోకు, ల్యాబ్ తలుపు తీయించు. మైక్రోస్కోపులు కవర్లలో దుమ్ము పట్టి ఉంటే ఆ కాలేజీని లిస్టులో కిందికి తోసేయ్. కణ విభజన చూడ్డానికి ఉల్లిగడ్డ వేరు కొన కోసి, ఎర్ర రంగు పట్టించే ఎసిటోకార్మిన్‌లో వేడిచేసి, స్లైడ్ మీద కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కుతాం చూడు, ఆ నొక్కడం చేత్తో చేస్తేనే వస్తుంది. ఎక్కువ నొక్కితే కవర్‌స్లిప్ పుటుక్కుమంటుంది, తక్కువైతే కణాలు ఒకదాని మీద ఒకటి కుప్పగా ఉంటాయి. ఎర్రటి కణాల మధ్య వెతగ్గా వెతగ్గా ఒక చోట క్రోమోజోములు రెండు గుంపులుగా విడిపోతూ కనబడ్డాయంటే ఆ రోజు క్యాంటీన్‌లో టీ నేనే కొనిస్తా. రికార్డులో పక్కవాడి బొమ్మ కాపీ కొట్టేవాళ్లకి ఆ సరదా ఉండదు.

ఇంకొకటి, నీకు నచ్చదు. లెక్కలు. బైపీసీ తీసుకున్నదే లెక్కల పీడ వదిలించుకోవడానికి కదా! జెనెటిక్స్‌లో మళ్లీ ఎదురొస్తాయిరా. 160 మొక్కజొన్న గింజల్ని రంగు, నునుపు చూసి లెక్కపెట్టావనుకో. రెండు లక్షణాలు కలిసినప్పుడు మెండెల్ చెప్పిన 9:3:3:1 నిష్పత్తి ప్రకారం 90, 30, 30, 10 రావాలి. నీకు 84, 36, 32, 8 వచ్చాయి. మెండెల్ తప్పా, నీ లెక్క తప్పా? అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎంతో కొలిచే కై-స్క్వేర్ వేస్తే సుమారు 2.13 వస్తుంది, అది దాటకూడని హద్దు 7.82. అంటే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చిందే అనుకోవచ్చు, కంగారు అక్కర్లేదు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష బయోటెక్నాలజీ పేపర్లోనూ ఇంటర్ స్థాయి మ్యాథ్స్ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో స్టాటిస్టిక్స్ కోర్సులు ఉచితంగా దొరుకుతాయి, ఫస్ట్ ఇయర్ ఎండాకాలంలో ఒకటి పూర్తి చేసెయ్.

నిజం చెప్పాలంటే ఇక్కడ మనం పేపర్లు ఎంచుకునేది తక్కువ. మొదటి రెండేళ్లు లాంగ్వేజీలు ఎలాగూ ఉంటాయి, ఆప్షనల్‌ ముచ్చట థర్డ్ ఇయర్‌లోనే. కాబట్టి ప్లాన్ అంటే సిలబస్ బయట ఏం చేస్తావన్నదే. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పని. దానికి చలికాలంలోనే అప్లై చేయాలి, ఎండలు ముదిరాక గుర్తొస్తే లాభం లేదు. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, దాని మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబర్ 26 దగ్గర్లో ఓపెన్ డే పెడుతుంటారు. మెట్రోలో తీసుకెళ్తా. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది బేగంపేటలోనే, ఆ బిల్డింగ్ కూడా చూపిస్తా. దోమలు మాత్రం మా హాస్టల్లోనే బోలెడు.

పుస్తకాలు కొత్తవి కొనకు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడదాం, నువ్వు నోరెత్తకు, నేను మాట్లాడతా. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు లిస్టు నాకు వాట్సాప్‌లో పంపు, వరుస చూసి చెప్తా.

నీ
రమేశ్