అడవి కాసేవాళ్ల భుజాల గురించి అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సైన్యంలో పనిచేసి రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. శేషాచలంలో ఎర్రచందనం కాపలాకు తిరిగే వాచర్లు కొందరు నాకు బాగా తెలుసు. వాళ్లలో పలువురు వీపున మోసేవి పాత మిలిటరీ కాన్వాస్ సంచులు. సెకండ్ హ్యాండ్‌లో సొంత డబ్బుతో కొనుక్కున్నవి. మిలిటరీ సరుకంటే గట్టిదని నమ్మకం. గట్టిదే, ఏళ్లు వాడినా చిరగదు. కానీ కొండెక్కే మనిషి వీపుకు అది సరిపడదు. వాళ్లకు సరైన సంచులు ఇప్పించమని అడగడానికే ఈ లేఖ.

మన సైన్యం స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం వాడింది బ్రిటిష్ వాళ్ల 1937 నమూనా పట్టీలు, సంచులే. 1962 యుద్ధం నాటి మన జవాన్ల ఫొటోల్లో ఆ ఖాకీ పట్టీలు, ఇత్తడి బకిళ్లు కనిపిస్తాయి. ఆ నమూనా తయారుచేసినవాళ్ల లెక్క ఏమిటంటే, సైనికుడి ఒంటి మీద తూటాలు, నీళ్లు, ఒక చిన్న సంచి ఉంటే చాలు, పెద్ద ప్యాక్ మామూలుగా బండిలో వస్తుంది. అందుకే ఆ పెద్ద ప్యాక్‌కు ఫ్రేమ్, అంటే సంచిని నిలబెట్టే గట్టి చట్రం, లేదు, వీపు వైపు మెత్త లేదు, బరువును నడుముకు దించే బెల్టూ లేదు. మరి చామల, భాకరాపేట వైపు కొండల్లోకి వాచరు సామాను ఏ బండిలో వస్తుంది సార్?

ఎండాకాలంలో వాగులు ఎండిపోతాయి. ఐదు లీటర్ల నీళ్లు పెట్టుకుంటే ఐదు కిలోలు అక్కడే అయిపోయాయి. బియ్యం, పప్పు, గిన్నె, దుప్పటి, టార్చి, కత్తి వేరే. ఈ బరువంతా రెండు సన్నటి పట్టీల మీద భుజాలకే వేలాడుతుంది. మన ఊళ్లలో ఆడవాళ్లు నిండు బిందెను ఎత్తుకునేది నడుము మీద. బరువు మోయగల చోటు అదేనని వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. భుజం అలా కాదు. చేతికి వెళ్లే నరాలు మెడ పక్క నుంచి, భుజం కింద నుంచి దిగుతాయి. పట్టీ గంటల తరబడి వాటిని నొక్కితే ముందు తిమ్మిరి, తర్వాత చెయ్యి పైకి లేవకపోవడం. సైనిక వైద్యంలో ఇది ఎప్పటి నుంచో తెలిసిన జబ్బే. ఫ్రేమ్, నడుం బెల్టు ఉన్న సంచులతో ఇది తగ్గుతుందనీ తేలింది. సర్వీసులో నాకూ ఈ తిమ్మిరి వచ్చింది, అన్నం ముద్ద పట్టుకోవడం కూడా కష్టమైంది. దొంగల ముఠా ఎదురుపడే అడవిలో ఒక వాచరుకు ఆ సమయంలో చెయ్యి పనిచేయకపోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు పొట్టన పెట్టుకున్నారు. మేమెవరమూ అది మరిచిపోలేదు.

ఇక వాన. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మందపాటి నూలు పట్టీ తడిస్తే నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఉబ్బి బకిల్‌లో ఇరుక్కుపోతుంది. అప్పుడు వదులు చేయాలన్నా, బిగించాలన్నా కదలదు. ఎండితే అట్టలా బిగుసుకుని మెడ దగ్గర చర్మాన్ని ఒరిపేస్తుంది. నాలుగు రోజులు ముసురు పడితే బూజు. ఈ సంగతి రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లోనే బయటపడింది. అక్కడ పోరాడిన సైన్యంలో ఎక్కువమంది మన భారతీయులే. ఆ అనుభవంతోనే తేలిగ్గా ఉండి, త్వరగా ఆరి, బూజు పట్టని 1944 నమూనా తయారుచేశారు. తర్వాత అమెరికా వాళ్లు కూడా వియత్నాం వానల్లో నూలుతో విసిగి నైలాన్‌కు మారారు. ఎనభై ఏళ్ల కిందటే తెలిసిన లోపాన్ని ఇవాళ మన కుర్రాళ్లు మామండూరు అడవిలో మళ్లీ భుజాల మీద మోస్తున్నారంటే నాకు చాలా బాధగా ఉంది.

నడుముకు కట్టే పాత పౌచ్‌లూ అంతే, బండరాళ్లు ఎక్కుతుంటే తొడలకు అడ్డం పడతాయి. ఇత్తడి చప్పుడు రాత్రిపూట చాలా దూరం వినిపిస్తుంది.

మిమ్మల్ని అడిగేది ఖరీదైన విదేశీ సరుకు కాదు. ఫ్రేమ్, మెత్తటి నడుం బెల్టు, వీపు పొడవును బట్టి సర్దుకునే పట్టీలు ఉన్న నైలాన్ సంచులు మన దేశంలోనే తయారవుతున్నాయి. బీట్ ఆఫీసర్లలో ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారు, అందరికీ ఒకటే సైజు కుదరదు. లోపల వేసుకునే మందపాటి ప్లాస్టిక్ కవరుకు పెద్ద ఖర్చు కాదు, అది ఉంటే బియ్యం, దుప్పటి తడవవు. టెండరులో బట్ట మందం, రంగు, ఎన్ని లీటర్లు అనేవి మాత్రమే రాస్తే తక్కువ రేటుకు వచ్చేది మళ్లీ పట్టీల గోనెసంచే అవుతుంది. బరువు నడుము మీదికి దిగాలన్న షరతు అందులో స్పష్టంగా రాయించండి.

కొనే ముందు నాలుగైదు రకాల నమూనాలు తెప్పించి, పదిహేను కిలోలు నింపి, బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్ల చేత తలకోన పై కొండల్లో రెండు రోజులు మోయించండి. ఒకసారి ఎండలో, ఒకసారి వానలో. వాళ్లు ఏది బాగుందంటే అదే కొనండి. ఆ పరీక్షకు నాలాంటి మాజీ సైనికుల సాయం కావాలంటే జీతం లేకుండా వచ్చి చేస్తాం. ఈ అక్టోబరు వానలకు ముందే మొదలుపెట్టించమని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
తిరుపతి