బుజ్జమ్మకు నాయన రాసేది

తిరుపతి

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. పెరట్లో నిమ్మచెట్టు ఈసారి విరగ కాసింది, అమ్మ ఊరగాయ పెట్టి ఒక సీసా నీకని పక్కన పెట్టింది. ఈ మధ్య నీ నుంచి మెసేజీలే గానీ ఫోన్ లేదు. నిన్న లీలామహల్ సర్కిల్ దగ్గర సుధాకర్ కనిపించి, "పాప పైలట్ ఉద్యోగానికి రాజీనామా పెట్టిందంట కదన్నా" అన్నాడు. ఊ అనలేదు, ఆ అనలేదు. మీ అమ్మకు చెప్పలేదు.

పెట్టినా నేనేమీ అనను. అయితే మానేసే ముందు నీలాంటి కో-పైలట్‌కు 6 నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు అని 2017లో విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ రూలు పెట్టిందని నువ్వే చెప్పావు గదా. ఆ 6 నెలలూ నిన్ను ఎట్లా చూస్తారో అని నాకు టెన్షన్.

నిద్ర సరిగ్గా పోతున్నావా? పేపర్లో పైలట్ల విశ్రాంతి సంగతి ఎక్కడ కనబడినా చదువుతున్నాను. వారానికి 36 గంటలుండే విశ్రాంతిని 48 చేశారు, రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2కు తగ్గించారు, 2025 నవంబర్ నుంచి పూర్తిగా అమలు అన్నారు. డిసెంబర్‌లో పైలట్లు చాలక ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యేసరికి, ఆ రాత్రి రూళ్ల నుంచే వాళ్లకు కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చారు. మనుషుల్ని ముందే చేర్చుకుని ఉంటే ఈ గతి పట్టేదా? పైలట్లకు లక్షల జీతం, ఇంకేం కావాలంటారు మన వీధిలో. ట్రైనింగుకు తెచ్చిన అప్పు వాళ్లు కట్టడం లేదు గదా.

నేను బెంగళూరు నైట్ బస్సు తోలేటప్పుడు ఒకసారి అక్కడ దిగీ దిగకముందే ఓనరు మళ్లీ వెనక్కి తోలమన్నాడు, రావాల్సిన డ్రైవరు రాలేదంట. ఎక్కాను. పలమనేరు దాటాక ఎదురు లారీల లైట్లు రెండు నాలుగై కనబడ్డాయి. ముందు మొగిలి ఘాటు. ఘాటు దిగకముందే ఒక టీ కొట్టు దగ్గర బస్సు పక్కకు తీసి, తాళం క్లీనర్ చేతికిచ్చి, బానెట్ మీద దుప్పటి పరిచి పండుకున్నా. దర్శనం టైము దాటిపోతుందని ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు. వెనక నుంచి ఒక పెద్దావిడ మాత్రం, "పండుకోనీండయ్యా, స్వామి యాడికీ పోడు" అనింది. తెల్లారాక మొహం కడుక్కుని బస్సు తీశా. ఓనరు ఆ ట్రిప్పు బత్తా కోసేశాడు, చాన్నాళ్లు లైనుకే పంపలేదు. ఇంట్లో ఇబ్బంది పడినా మీ అమ్మ ఒక్క మాట అనలేదు.

కాబట్టి కళ్లు మండుతుంటే అలిసిపోయాను, ఫెటీగ్ అని రాసిచ్చేయ్. డ్యూటీలు వేసే రోస్టర్ వాళ్లు ఏమనుకుంటే అనుకోనీ. కాఫీల మీద నెట్టుకురావద్దు, నీకు అసలే పడదు. వేళకు తిను. హోటల్లో కర్టెన్లు పూర్తిగా మూసి, ఫోన్ ఆపి పండుకో. మేం చేసినా ఎత్తొద్దు, లేచాక చెయ్యి.

లోను కంతుల కోసం ఆ ఉద్యోగం పట్టుకుని వేలాడాల్సిన పని లేదు. చంద్రగిరి స్థలం గురించి మీ చిన్నాయనతో మాట్లాడాను, అమ్మితే చాలావరకు తీరిపోతుంది. సుధాకర్ అన్నది నిజమో కాదో నాకొక్కడికే చెప్పు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ కాసేపు పండుకుంటుంది, అప్పుడు చెయ్యి.

మీ నాయన