నిమ్మ మొక్క పిలక తీసెయ్యాలా అని అడిగాను, నాలుగు నెలలుగా జవాబు లేదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

ఇది నా ఐదో ఉత్తరం. ముందు నాలుగింటికీ "మీ ఫిర్యాదు అందింది" అన్న మెసేజ్ ఒక్కటే వచ్చింది.

మీ దగ్గర కొన్న మేయర్ రకం నిమ్మ అంటు మొక్క నాటిన 22వ రోజు మొదటిసారి ఫోన్ చేశాను. అప్పటికి అంటు పచ్చగానే ఉంది. అంటు కట్టిన చోటుకి కింద మాత్రం ఒక పిలక లేచింది. దాన్ని తీసెయ్యాలా, ఉంచాలా? నేను అడిగింది ఇంతే. ఫోన్ ఎత్తినాయన నీళ్లు సరిగ్గా పొయ్యమని, పది రోజులు ఆగమని చెప్పాడు. ఆగాను. పది రోజుల తర్వాత చేస్తే, 30 రోజుల గ్యారంటీ దాటిపోయిందన్నారు. ఆగమన్నది మీరే కదా అంటే, ఆ కాల్ రికార్డులో లేదట!

తర్వాత ఒకావిడ ఫోటోలు అడిగారు. పన్నెండు పంపాను. వారానికి ఇంకొకరు ఫోన్ చేసి అవే ఫోటోలు మళ్లీ అడిగారు. ఆకులు మూడేసి కలిసి వస్తున్నాయేమిటని అడిగితే, "హైబ్రిడ్ కదండీ, ఆకులు మారుతుంటాయి" అన్నారు. మారవండీ. మేయర్ నిమ్మకి ఒంటి ఆకే. ఆ మూడాకులు, ఆ ముళ్లు మీరు కింద వేరు కోసం వాడిన మూడాకుల నారింజవి. గింజ నాటితే కాపుకి ఏళ్లు పడుతుందనే కదా అంటు మొక్క కొన్నది! కింది పిలక బలమంతా లాగేసుకుంది, పైన అంటు ఎండిపోయింది. మొదటి రోజే "తీసెయ్యండి" అని ఒక్కమాట చెప్పి ఉంటే బతికేదేమో. నాకు బాధంతా అక్కడే.

చివరిసారి నలభై నిమిషాలు లైన్లో ఉంచి కట్ చేశారు. సాయంత్రానికి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్. ఎవరు పరిష్కరించారు? ఏం చేశారు?

ఏడేళ్లుగా గులాబీలు, దానిమ్మ, అన్నీ మీ దగ్గరే కొన్నాను. తెలిసినవాళ్లందరికీ మీ పేరే చెప్పాను. ఇక చెప్పలేను. కొత్త మొక్క పంపుతారో, డబ్బు వెనక్కి ఇస్తారో మీరే తేల్చండి. వారంలో జవాబు రాకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. ఈసారి మాత్రం మొక్కల గురించి తెలిసిన మనిషితో ఫోన్ చేయించండి. ఫోటోలు మళ్లీ అడగొద్దు. పన్నెండూ మీ దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్